ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో ఉండాలి, షెల్‌లో కాదు: సూపర్‌కంప్యూటర్ల మీద సాఫ్ట్‌వేర్ నిర్వహణ

(పరిశోధక విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మీరు రోజూ క్లస్టర్‌కి, అంటే కలిపి కట్టిన కంప్యూటర్ల సముదాయానికి, పంపే జాబ్ స్క్రిప్ట్ ఉంది కదా, దాని పైభాగంలో ఆరో ఏడో మాడ్యూల్ లోడ్ లైన్లు ఉంటాయి. ఆ లైన్లు మీరే రాశారా, సీనియర్ల దగ్గర్నుంచి వచ్చాయా? సీనియర్ల దగ్గర్నుంచి వచ్చినవాళ్లు చేతులెత్తండి. సరే, దాదాపు హాలంతా ఎత్తింది. అందులో తప్పేం లేదు. ఇప్పుడు రెండో ప్రశ్న. వాటిలో ఏ లైన్ తీసేస్తే ఏం ఆగిపోతుందో చెప్పగలరా? ఇప్పుడు చేతులు బాగా తగ్గాయి. మన మాటలన్నీ ఈ రెండో ప్రశ్న చుట్టూనే.

మీ లెక్క ఏ ఫలితం ఇస్తుందన్నది మీ కోడ్ ఒక్కటే నిర్ణయించదు. కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్, ప్రాసెస్‌ల మధ్య సందేశాలు చేరవేసే ఎంపీఐ, మ్యాథ్ లైబ్రరీ, వాటి వెర్షన్లు, అవి ఏ ప్రాసెసర్ కోసం తయారయ్యాయన్నది, ఇవన్నీ కలిసి నిర్ణయిస్తాయి. వీటన్నిటినీ కలిపే ఎన్విరాన్‌మెంట్ అంటున్నాను. ఇన్‌పుట్ డేటాని ఎంత జాగ్రత్తగా దాచుకుంటామో దీన్నీ అంత జాగ్రత్తగా రాసి పెట్టుకోవాలి. ఎక్కడ రాయాలి? ఫైల్లో. మీ టెర్మినల్ విండోలో కమాండ్లు తీసుకునే షెల్‌లో కాదు. ఆ విండో మూసేస్తే అదంతా పోతుంది.

మరి సొంత కంప్యూటర్‌లో లేని ఇబ్బంది క్లస్టర్‌లో ఎందుకొస్తుంది? రూట్ పర్మిషన్, అంటే మెషీన్ మొత్తం మీద అధికారం, ఉండదు, అది అందరికీ తెలిసిందే. అసలు కారణం అది కాదండి. ఒకే మెషీన్ మీద వందల మంది ఉంటారు, ఒకరికి కావలసిన వెర్షన్ ఇంకొకరికి పనికిరాదు. పైగా ఒకే వెర్షన్‌ని కూడా నాలుగు రకాలుగా కట్టి పెట్టాల్సి వస్తుంది. ఎందుకంటే గ్నూ ఫోర్ట్రాన్ కంపైలర్ రాసిన మాడ్ ఫైల్‌ని ఇంటెల్ ఫోర్ట్రాన్ చదవలేదు. ఎంపీఐ సంగతీ అంతే. ఎంపీఐ-సీహెచ్, ఓపెన్ ఎంపీఐ అని అందులో రెండు రకాలున్నాయి. ఎంపీఐ-సీహెచ్‌లో కమ్యూనికేటర్ (ఒకరితో ఒకరు మాట్లాడుకునే ప్రాసెస్‌ల గుంపు) అంటే ఒక పూర్ణాంకం, ఓపెన్ ఎంపీఐలో అదే ఒక పాయింటర్. ఒకదానితో కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌ని రెండోదానికి లింక్ చేస్తే నడవదు. ఈ తేడా పోగొట్టడానికి ఎంపీఐ 5.0 ప్రమాణం 2025లో ఉమ్మడి బైనరీ రూపాన్ని నిర్ణయించింది. మంచి పని జరిగింది. కానీ అది మీ క్లస్టర్ దాకా, మీరు వాడే ప్యాకేజీల దాకా రావడానికి టైం పడుతుంది. అప్పటిదాకా కంపైలర్లు ఇన్ని, ఎంపీఐలు ఇన్ని, ఒకదాన్ని ఇంకోదానితో హెచ్చవేసుకోవాల్సిందే.

ఈ గందరగోళానికి మొదటి జవాబు మాడ్యూల్స్. 1991లో జాన్ ఫర్లానీ దీన్ని పరిచయం చేశారు. ముప్పై ఏళ్లు దాటినా వాడుతున్నామంటే దాని బలం అర్థం చేసుకోండి. మాడ్యూల్ లోడ్ అని కొడితే లోపల ఏం జరుగుతుంది? ఏదీ ఇన్‌స్టాల్ అవ్వదు. పాత్ అనే వేరియబుల్ ముందు ఒక డైరెక్టరీ పేరు చేరుతుంది, లైబ్రరీ పాత్ ముందు ఇంకొకటి, మరో రెండు మూడు వేరియబుల్స్ సెట్ అవుతాయి. అంతే. ఎప్పుడైనా మాడ్యూల్ షో అని కొట్టి చూడండి, చేసే పనంతా పది లైన్లలో కనబడుతుంది. ఇంకో సంగతి. మామూలుగా ఒక ప్రోగ్రామ్ తనని పిలిచిన షెల్ వేరియబుల్స్‌ని మార్చలేదు. మరి మాడ్యూల్ ఎలా మారుస్తోంది? అది ప్రోగ్రామ్ కాదు, షెల్ ఫంక్షన్. వెనకాల ఉన్న ప్రోగ్రామ్ కొన్ని షెల్ కమాండ్లు ప్రింట్ చేస్తుంది, ఈ ఫంక్షన్ వాటిని మీ షెల్‌లోనే నడుపుతుంది. ఇది తెలిస్తే, స్క్రిప్ట్‌లో మాడ్యూల్ కమాండ్ దొరకడం లేదు అనే ఎర్రర్ ఎందుకొస్తుందో కూడా తెలిసిపోతుంది. ఆ షెల్ మొదలైనప్పుడు ఆ ఫంక్షన్‌ని ఎవరూ నిర్వచించలేదు, అంతే.

తర్వాత టెక్సాస్ అడ్వాన్స్‌డ్ కంప్యూటింగ్ సెంటర్‌లో రాబర్ట్ మెక్‌లే ఎల్‌మాడ్ అనే కొత్త మాడ్యూల్ పరికరం రాశారు. ఇందులో నాకు నచ్చేది వరసల పద్ధతి. ముందు కంపైలర్ లోడ్ చేస్తే, ఆ కంపైలర్‌తో కట్టిన ఎంపీఐలు మాత్రమే కనబడతాయి. ఎంపీఐ లోడ్ చేస్తే దానితో కట్టిన ప్యాకేజీలు కనబడతాయి. మధ్యలో కంపైలర్ మారిస్తే దాని మీద ఆధారపడినవన్నీ తనే మార్చుకుంటుంది. పొసగని జతని లోడ్ చేసే అవకాశమే ఉండదు. మాడ్యూల్ అవైల్‌లో ప్యాకేజీ కనబడలేదని సెంటర్‌కి మెయిల్ రాసే ముందు మాడ్యూల్ స్పైడర్ కొట్టండి. చాలాసార్లు అది అక్కడే ఉంటుంది, వరసలో ఒక మెట్టు కింద.

అయితే మాడ్యూల్స్ ఉన్నదాన్ని చూపిస్తాయే తప్ప లేనిదాన్ని కట్టవు. కట్టడానికి ఈజీబిల్డ్, స్పాక్ అని రెండు ఓపెన్ సోర్స్ పరికరాలున్నాయి. ఈజీబిల్డ్ బెల్జియంలోని గెంట్ యూనివర్సిటీలో 2009లో మొదలైంది, 2012లో అందరికీ విడుదల చేశారు. కంపైలర్, ఎంపీఐ, మ్యాథ్ లైబ్రరీలు కలిపి ఒక టూల్‌చైన్‌గా దానికో పేరు పెడతారు. ఫాస్ 2023ఏ అన్నామంటే జీసీసీ 12.3, ఓపెన్ ఎంపీఐ 4.1.5, వాటితో పాటు ఓపెన్‌బ్లాస్, ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ వగైరా, అన్నీ ఖాయం. ఎవరో పరీక్షించి పెట్టిన జతలివి. సెంటర్ అందరికీ ఇచ్చే ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌కి ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది, కదలకుండా ఉంటుంది.

స్పాక్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మీరు రేపు సొంతంగా మొదలుపెట్టగలిగేది అదే కాబట్టి. టాడ్ గాంబ్లిన్ 2013లో లారెన్స్ లివర్‌మోర్ నేషనల్ లేబరేటరీలో దీన్ని మొదలుపెట్టారు. గిట్‌తో దింపుకుని మీ హోమ్ డైరెక్టరీలోంచే నడుపుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇందులో మీకు కావలసింది ఒక వాక్యంలా రాస్తారు. హెచ్‌డీఎఫ్5 అనే డేటా ఫైళ్ల లైబ్రరీ కావాలనుకోండి. స్క్రీన్ మీద చూడండి:

హెచ్‌డీఎఫ్5@1.14 +ఎంపీఐ %జీసీసీ@12.3 ^ఓపెన్‌ఎంపీఐ

ఎలా చదవాలి? అట్ గుర్తు తర్వాత వెర్షన్. ప్లస్ అంటే ఆ సదుపాయం కావాలని. శాతం గుర్తు తర్వాత కంపైలర్. టోపీ గుర్తు తర్వాత, ఇది దేని మీద ఆధారపడాలో అది. మీరు చెప్పినవి నాలుగే. చెప్పనివి ఎన్నో ఉంటాయి, జడ్‌లిబ్ ఏ వెర్షన్, సీమేక్ ఏ వెర్షన్, ఇలా. వాటన్నిటినీ ఒకదానితో ఒకటి పొసిగేలా నింపడం చిన్న లెక్క కాదండి, చిక్కు లెక్క. అందుకే 2021లో వచ్చిన 0.17 వెర్షన్ నుంచి స్పాక్ ఈ పనిని క్లింగో అనే లాజిక్ సాల్వర్‌కి అప్పగించింది. అంతా తేలాక, ఏది దేని మీద ఆధారపడిందో చూపే ఆ మొత్తం చెట్టుకి ఒక హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి కోడ్, వస్తుంది, ఇన్‌స్టాల్ డైరెక్టరీ పేరులో ఆ హ్యాష్ ఉంటుంది. ఒక్క ఆప్షన్ మారితే హ్యాష్ మారుతుంది, డైరెక్టరీ మారుతుంది. కాబట్టి కొత్తది పాతదాన్ని చెరపదు. ఒక అలవాటు చేసుకోండి: స్పాక్ ఇన్‌స్టాల్ కొట్టే ముందు స్పాక్ స్పెక్ కొట్టండి. ఏం కట్టబోతోందో మొత్తం చెట్టు చూపిస్తుంది. రెండు నిమిషాలు దాన్ని చదివితే, రెండు గంటలు కంపైల్ అయ్యాక "అయ్యో, ఇది కాదే నాకు కావలసింది" అనుకోవాల్సిన పని తప్పుతుంది.

ఇక్కడే అసలు సంగతి వస్తుంది, దయచేసి జాగ్రత్తగా వినండి. ఆ చెట్టులో కొన్నిటిని స్పాక్ కట్టకూడదు. ఏవి? మెషీన్‌కి అంటుకుని ఉండేవి. నెట్‌వర్క్ కార్డుతో మాట్లాడే ఎంపీఐ, దాని కింద ఉండే నెట్‌వర్క్ లైబ్రరీలు, జాబ్‌లని వరసలో పెట్టి నడిపే స్లర్మ్, జీపీయూ డ్రైవర్. వీటిని సెంటర్ వాళ్లు ఆ మెషీన్‌కి తగ్గట్టు సెట్ చేసి పెట్టి ఉంటారు. మీరు కొత్తగా ఓపెన్ ఎంపీఐ కట్టుకుంటే ఎర్రర్ రాదు, అదే చిక్కు. ప్రోగ్రామ్ నడుస్తుంది, జవాబు కూడా సరిగ్గానే వస్తుంది. కాకపోతే ఇన్ఫినీబ్యాండ్ అనే వేగమైన నెట్‌వర్క్‌ని వదిలేసి మామూలు టీసీపీ మీద నడుస్తుంది. నోడ్లు, అంటే క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటర్, పెంచేకొద్దీ వేగం పెరగాల్సింది తగ్గుతుంది, అప్పుడు మీరేం చేస్తారు? మీ అల్గారిథమ్‌ని అనుమానిస్తారు. వారాలు పోతాయి. అందుకని స్పాక్‌లో ప్యాకేజెస్ డాట్ యామల్ అనే ఫైల్లో, ఈ ఎంపీఐ ఈ డైరెక్టరీలో ఉంది, దీన్నే వాడు, సొంతంగా కట్టకు అని రాసి పెట్టాలి. బిల్డబుల్ ఫాల్స్ అనే ఆ ఒక్క లైన్ మీ లెక్క వేగాన్ని కాపాడుతుంది.

నేను హద్దు అనేది దీన్నే. ఏది మెషీన్‌ది, ఏది మీది? మెషీన్‌ది ఉన్నదున్నట్టు వాడుకోండి. మీది మాత్రం పూర్తిగా రాసి పెట్టుకోండి. ఇక ముందు ఏ పరికరం గురించి మాట్లాడినా, ఈ హద్దుని అది ఎక్కడ గీస్తోంది అని అడుగుతూ పోదాం.

స్పాక్ ఎన్విరాన్‌మెంట్‌లో రెండు ఫైళ్లుంటాయి. స్పాక్ డాట్ యామల్‌లో మీరు అడిగింది ఉంటుంది. స్పాక్ డాట్ లాక్‌లో సాల్వర్ తేల్చింది, ప్రతి ప్యాకేజీ హ్యాష్‌తో సహా ఉంటుంది. రెండూ మీ కోడ్ ఉన్న గిట్ రిపాజిటరీలోనే పెట్టండి. రెండూ ఎందుకు? అదే మెషీన్ మీద అచ్చంగా అదే కావాలంటే లాక్ ఫైల్ కావాలి. మెషీన్ మారితే ఆ లాక్ అక్కడ పొసగకపోవచ్చు, అప్పుడు యామల్ నుంచి మళ్లీ తేల్చుకోవాలి.

ఇప్పుడు కోండా, ప్యాకేజీలు దింపి పెట్టే ఇంకో పరికరం. నాకు తెలుసు, మీలో ఎక్కువమంది వాడేది ఇదే. వాడొద్దని నేను చెప్పను. రెడీమేడ్ బైనరీలు దొరుకుతాయి, కంపైల్ చేసే బాధ లేదు, కోండా-ఫోర్జ్ అనే ఉమ్మడి ప్యాకేజీల నిల్వలో వాలంటీర్లు చేస్తున్న పని నిజంగా గొప్పది. కానీ పైన అడిగిన ప్రశ్నే అడగండి: హద్దు ఎక్కడుంది? కోండా దాదాపు అన్నీ తనే తెచ్చుకుంటుంది, ఎంపీఐతో సహా. ఆ ఎంపీఐకి మీ మెషీన్ నెట్‌వర్క్ గురించి ఏం తెలుసు? ఇందాక చెప్పుకున్న టీసీపీ కథ ఇక్కడా జరగొచ్చు. దీనికి కోండా-ఫోర్జ్‌లోనే విరుగుడు ఉంది. ఎంపీఐ ప్యాకేజీలకి ఎక్స్‌టర్నల్ అనే బిల్డ్ ఇస్తారు. అది ఖాళీ ప్యాకేజీ, ఎంపీఐ బయట ఉందిలే అని సాల్వర్‌కి చెప్పి ఊరుకుంటుంది. నడిచేది మీ సెంటర్ ఎంపీఐ. ఇది చాలామందికి తెలియదు, రాసుకోండి.

జీపీయూ విషయంలో ఇంకో తిరకాసు. లాగిన్ నోడ్, అంటే మీరు ముందు లాగిన్ అయ్యే కంప్యూటర్, మీద కూర్చుని పైటార్చ్ ఇన్‌స్టాల్ చేస్తారు. లాగిన్ నోడ్‌లో జీపీయూ ఉండదు చాలాచోట్ల. కోండా డ్రైవర్ కోసం చూస్తుంది, దొరకదు, కాబట్టి సీపీయూ బిల్డ్ ఎంచుకుంటుంది. తప్పు దానిది కాదు, దానికి కనబడింది అదే. మీరు జాబ్ పంపి, జీపీయూ ఎందుకు కనబడటం లేదని తల పట్టుకుంటారు. జీపీయూ నోడ్ మీద ఇన్‌స్టాల్ చేయండి, లేదంటే CONDA_OVERRIDE_CUDA అనే వేరియబుల్‌లో వెర్షన్ ఇచ్చి, డ్రైవర్ ఉందనుకో అని దానికి చెప్పండి.

ఇక చిన్న ఫైళ్ల సంగతి. కోండా ఎన్విరాన్‌మెంట్ అంటే వేలకి వేల చిన్న ఫైళ్లు. లస్టర్ లాంటి ఫైల్ సిస్టమ్ పెద్ద ఫైళ్లని చాలా వేగంగా చదివేలా తయారైంది. చిన్న ఫైల్ తెరవాలన్నా ముందు, ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే మెటాడేటా సర్వర్‌ని అడగాల్సిందే. వెయ్యి ప్రాసెస్‌లు ఒకేసారి ఇంపోర్ట్ నమ్‌పై అన్నాయనుకోండి. ఆ వెయ్యీ ఆ సర్వర్ మీద పడతాయి. మీ జాబ్ మొదలవడానికే నిమిషాలు పడుతుంది, దానితో ఆగదు, పక్కవాళ్లు ఎల్‌ఎస్ కొట్టినా కదలదు. ఇది అందరూ పంచుకునే మెషీన్ అని మర్చిపోకూడదు.

దీనికి బాగా పనికొచ్చేది కంటైనర్, అంటే ప్రోగ్రామ్‌ని దానికి కావలసినవాటితో కలిపి పెట్టిన పెట్టె. డాకర్ మీకు తెలుసు. డాకర్ మామూలుగా రూట్ హక్కులతో వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామ్, డీమన్ మీద ఆధారపడుతుంది, అందరూ వాడే మెషీన్ మీద అది ఇవ్వరు. ఆ అవసరం నుంచే లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో గ్రెగ్ కర్ట్జర్ సింగ్యులారిటీ మొదలుపెట్టారు. ఆ ప్రాజెక్టు 2021లో లినక్స్ ఫౌండేషన్‌లో చేరి ఆప్‌టెయినర్ అయింది. దాని ఇమేజ్ మొత్తం ఒకే ఒక ఫైల్. ఆ వేల ఫైళ్లూ దాని లోపలే ఉంటాయి కాబట్టి మెటాడేటా సర్వర్ దృష్టిలో అది ఒక్క పెద్ద ఫైలే. కోండా ఎన్విరాన్‌మెంట్‌ని అందులో పెట్టేస్తే ఇందాకటి బాధ చాలావరకు పోతుంది.

మరి కంటైనర్ హద్దు ఎక్కడ గీస్తుంది? ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ మెషీన్‌దే. జీపీయూ డ్రైవర్ మెషీన్‌దే, హైఫన్ హైఫన్ ఎన్‌వీ అని ఇస్తే దాని లైబ్రరీలని లోపలికి తెస్తుంది. ఆ తెచ్చిన లైబ్రరీకి కావలసినంత కొత్త జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) లోపల లేకపోతే నడవదు, అందుకని మరీ పాత లినక్స్ మీద ఇమేజ్ కట్టకండి. ఎంపీఐ అయితే రెండు చోట్లా ఉంటుంది. బయటి ఎంపీఐ ప్రాసెస్‌లని మొదలుపెడుతుంది, లోపలి ఎంపీఐ వాటితో మాట్లాడుతుంది. రెండూ ఒకే రకం, దగ్గర వెర్షన్లు అయితేనే కుదురుతుంది.

కంటైనర్ వాడాను కదా, ఇక అంతా పెట్టెలో భద్రం అనుకుంటారు. ఇక్కడ ఒక కేసు చెప్తాను, సహాయం కోసం వచ్చేవాళ్లలో మాటిమాటికీ కనబడేది. ఇమేజ్‌లో ఉన్న నమ్‌పై ఒక వెర్షన్. ప్రోగ్రామ్ లోపలే వెర్షన్ ప్రింట్ చేస్తే ఇంకోటి వస్తోంది. అదే ఇమేజ్‌ని స్నేహితురాలు నడిపితే సరిగ్గా వస్తోంది. ఎలా? ఎప్పుడో ఒకసారి పిప్ ఇన్‌స్టాల్ హైఫన్ హైఫన్ యూజర్ అని కొట్టారు. అది హోమ్ డైరెక్టరీలో డాట్ లోకల్ అనే దాచిన ఫోల్డర్‌లో కూర్చుంది. ఆప్‌టెయినర్ మామూలుగా మీ హోమ్‌ని లోపల చూపిస్తుంది. లోపలి పైథాన్ వెర్షన్, ఆ ఫోల్డర్ పైథాన్ వెర్షన్ ఒకటే అయితే, ఇమేజ్‌లో ఉన్నదానికన్నా ముందు డాట్ లోకల్‌లో ఉన్నదే దొరుకుతుంది. పైథాన్ నో యూజర్ సైట్ అనే వేరియబుల్‌ని 1 చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఇప్పుడే ఎవరైనా ల్యాప్‌టాప్ తెరిచి ఉంటే మీ డాట్ లోకల్ చూసుకోండి. కోండా ఎన్విరాన్‌మెంట్లకీ ఇదే వర్తిస్తుంది, కంటైనర్ ఒక్కదానికే కాదు.

ఇంకో మాట. ఇమేజ్ ఫైల్ మారదు, నిజమే. కానీ దాన్ని కట్టిన రెసిపీలో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని వెర్షన్ లేకుండా రాస్తే, వచ్చే ఏడాది అదే రెసిపీ ఇంకో ఇమేజ్ ఇస్తుంది. అందుకని ఇమేజ్, రెసిపీ రెండూ దాచాలి. ఈ విషయంలో అందరికన్నా గట్టిగా ఉండేవి నిక్స్, గిక్స్ అనే ప్యాకేజీ పరికరాలు. గిక్స్‌లో టైమ్ మెషీన్ అనే కమాండ్ ఉంది. పాత కమిట్ నంబర్ ఇస్తే, ఆనాటి ప్యాకేజీ నిర్వచనాలన్నిటినీ తెచ్చి కడుతుంది. కొన్ని సెంటర్లు మాత్రమే ఇస్తున్నాయి, మీ దగ్గర ఉంటే మాత్రం తప్పక చూడండి.

ప్రాసెసర్ గురించి క్లుప్తంగా. ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని ప్రోగ్రామ్ చచ్చిపోవడం ఎవరైనా చూశారా? చూశారు, మంచిది. లాగిన్ నోడ్‌లో కొత్త ప్రాసెసర్, కంప్యూట్ నోడ్‌లో పాతది. మార్చ్ ఈక్వల్స్ నేటివ్ అని కంపైల్ చేస్తే, కట్టిన చోట ఉన్న ఏవీఎక్స్-512 లాంటి ఇన్‌స్ట్రక్షన్లు వాడేస్తుంది. నడిచే చోట అవి ఉండవు. ఎక్కడ నడుస్తుందో దాని కోసం కట్టండి, స్పాక్‌లో టార్గెట్ అని చెప్పొచ్చు. ప్రాసెసర్‌ని గుర్తుపట్టే ఆర్క్‌స్పెక్ లైబ్రరీ స్పాక్ నుంచి వేరుపడి వచ్చిందే. ఈసీ (EESSI) అనే యూరోపియన్ ప్రాజెక్టు కూడా ఈ దారిలోనే ఉంది. ఈజీబిల్డ్‌తో కట్టిన సాఫ్ట్‌వేర్‌ని ఒక్కో ప్రాసెసర్ రకానికి విడివిడిగా తయారుచేసి, సెర్న్‌వీఎం ఫైల్ సిస్టమ్ ద్వారా అందిస్తారు. ల్యాప్‌టాప్‌లో, క్లస్టర్‌లో అవే మాడ్యూల్స్ కనబడతాయి. చాలా ఆశ పెట్టుకోదగ్గ పని.

ఇక స్లర్మ్. జాబ్ పంపడానికి ఎస్‌బ్యాచ్ కొట్టినప్పుడు మీ షెల్‌లో అప్పటికున్న వేరియబుల్స్ అన్నీ మామూలుగా జాబ్‌లోకి వెళ్తాయి. అంటే నిన్న పొద్దున ఏదో ప్రయత్నిస్తూ లోడ్ చేసిన మాడ్యూల్ ఇవాళ జాబ్ ఫలితంలో ఉంటుంది, స్క్రిప్ట్‌లో ఎక్కడా కనబడదు. ఎక్స్‌పోర్ట్ ఈక్వల్స్ నన్ అని పెట్టండి. తర్వాతి లైన్లో అన్‌సెట్ స్లర్మ్ ఎక్స్‌పోర్ట్ ఎన్వ్ పెట్టండి, లేకపోతే జాబ్ లోపల ప్రోగ్రామ్‌ని నడిపే ఎస్‌రన్ కూడా ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌తో మొదలవుతుంది. ఆపైన మాడ్యూల్ పర్జ్, మీకు కావలసినవి వెర్షన్ నంబర్‌తో సహా లోడ్, చివర మాడ్యూల్ లిస్ట్. ఆ లిస్ట్ అవుట్‌పుట్ ఫైల్లోకి పోతుంది. వెర్షన్ నంబర్ లేకుండా లోడ్ చేయకండి. సెంటర్ డిఫాల్ట్ మార్చిన రోజు మీ లెక్క కూడా మారిపోతుంది.

ఇక్కడ ఒక చీటీ వచ్చింది, మంచి ప్రశ్న. "మా క్లస్టర్ తీసేసి కొత్తది పెడుతున్నారు. ఇప్పుడున్న ఎన్విరాన్‌మెంట్‌ని ఎలా తీసుకెళ్లాలి?" దీనికి జవాబు చెప్పి ముగిస్తాను. ఇన్‌స్టాల్ డైరెక్టరీని కాపీ చేసి తీసుకెళ్లకండి. బైనరీల లోపల, కోండా స్క్రిప్ట్‌ల మొదటి లైన్లో పాత డైరెక్టరీ పూర్తి పేరు రాసి ఉంటుంది. స్పాక్ అయితే యామల్ తీసుకెళ్లి, ఎంపీఐ ఎక్కడుందో చెప్పే భాగం మాత్రం మార్చి, మళ్లీ కట్టండి. కోండా అయితే రెండు రకాలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి: ఒకటి మొత్తం లిస్ట్, ఇంకొకటి ఫ్రం హిస్టరీ అని ఇచ్చి, మీరు అడిగినవి మాత్రమే. కొత్త చోట రెండోదానితో మొదలుపెట్టి, తేడా వస్తే మొదటిదానితో పోల్చుకోండి.

అన్నిటికన్నా ముందు, జవాబు మీకు తెలిసిన చిన్న లెక్క ఒకటి తీసుకుని పాత క్లస్టర్ మీద నడిపి, ఆ సంఖ్యలు దాచుకోండి. కొత్త దాని మీద చివరి అంకెలు తేడా రావొచ్చు, కూడికల వరస మారితే, ప్రాసెసర్ మారితే అది మామూలే. ఎంత తేడా వరకు మీ శాస్త్రానికి ఫరవాలేదో ముందే నిర్ణయించుకుని గిట్‌లో రాసి పెట్టండి. ఇదంతా పాత మెషీన్ ఆపకముందే చేయాలి. ఎప్పుడు ఆపుతున్నారో సెంటర్ వాళ్లని ఇవాళే అడగండి. ఇంకా ప్రశ్నలుంటే తీసుకుందాం, వెనక వరసలో చెయ్యెత్తినవాళ్లు ముందు.